కట్ట తెగకముందే

(ఆకాశవాణి మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



అనంతపురం పక్కనే బుక్కరాయసముద్రం చెరువు ఉంది. ఆ కట్టను ముసలమ్మ కట్ట అంటారు. కథ మీలో చాలామంది వినే ఉంటారు. ఒక ఏడు కుంభవృష్టి కురిసి, చెరువు నిండి, కట్ట తెగబోయిందట. బసిరెడ్డి గారి కోడలు ముసలమ్మ బలి అయితేనే గాని కట్ట నిలవదని అశరీరవాణి పలికిందట. ఆ ఇల్లాలు ఇంట్లో అందరి దగ్గరా సెలవు తీసుకుని గండిలోకి నడిచిపోయిందట. పేరు ముసలమ్మే గాని, ఆమె పడుచుపిల్ల. కట్టమంచి రామలింగారెడ్డిగారు విద్యార్థిగా ఉన్న రోజుల్లో రాసిన ‘ముసలమ్మ మరణము’ కావ్యానికి వస్తువు ఈ కథే.

చిన్నతనంలో ఈ కథ విని ఏడ్చేదాన్ని. ఇప్పుడు మాత్రం నాకు ఇంకో సందేహం కలుగుతుంది. చెరువు కట్ట ఒక్క రాత్రిలో తెగదు గదా! ముందు ఎక్కడో చెమ్మ తేలుతుంది. ఆ తరువాత సన్నగా ఊట మొదలవుతుంది. మన పల్లెల్లో చెరువు నీళ్ల మంచిచెడ్డలు చూడటానికి నీరుగంటి అని ఒకాయన ఉండేవాడు. ఆ ఊటను ఆనాడే ఎవరైనా చూసి నాలుగు తట్టల మట్టి పోసి ఉంటే ఒక ఇంటి కోడలు ప్రాణం ఇవ్వవలసి వచ్చేదా?

ఈ రోజు నేను చెప్పబోయేది పెద్దపేగుకు వచ్చే క్యాన్సర్ గురించి, దాన్ని ఊటగా ఉన్నప్పుడే పట్టుకోవడం గురించి. ‘నలుగురూ వినే రేడియోలో మలం, రక్తం అంటూ ఈ మాటలేమిటి తల్లీ’ అని మీలో కొందరు నొసలు చిట్లించవచ్చు. ఆ సిగ్గు వల్లనే ఎందరో ఆడవాళ్లు ఆలస్యంగా ఆసుపత్రికి చేరుతున్నారు. అందుకే దాచకుండా మాట్లాడుకుందాం.

ముందు మన సీమ స్వభావం ఒకటి చెప్పాలి. పడమటి కనుమల చాటున ఉండటం వల్ల నైరుతి వానలు మన దాకా వచ్చేసరికి సన్నగిల్లుతాయి. తూర్పు తీరానికి దూరం కావడం వల్ల ఈశాన్య వానలూ అంతంత మాత్రమే. ఏడాది మొత్తానికి కురిసేది సుమారు 55 సెంటీమీటర్లు. 1876-78 నాటి మహాకరువులో ఈ నేల ఇంకా బళ్లారి జిల్లాలో భాగం. ఆ కరువు వెళ్లిన కొద్ది ఏళ్లకు, 1882లో, అనంతపురం వేరే జిల్లా అయింది. అంటే మన జిల్లా పుట్టిందే కరువు నీడలో. అలాంటి నేల మనుషులకు ఓర్పు నేర్పుతుంది. అందులోనూ ఆడవాళ్లకు. అందరూ తిన్నాక మిగిలిన సంగటి తినడం, నొప్పి వస్తే పళ్లు బిగబట్టడం, ‘చెనిక్కాయ పెరికినాక చూద్దాంలే’ అని ఆసుపత్రిని వాయిదా వేయడం. పల్లె వదిలి పట్నం వచ్చినా మనకు ఆ అలవాటు పోలేదు. చెనిక్కాయ పంట బదులు పిల్లల పరీక్షలు అంటాం, అమ్మాయి పురుడు అంటాం. అంతే తేడా.

ఇంకొకటి, మనకు ప్రతిదీ ‘ఉడుకు చేసిందే’! కళ్లు మండితే ఉడుకు, కడుపు నొస్తే ఉడుకు, దొడ్డికి వెళ్లినప్పుడు రక్తం పడితే ఉడుకు. ఎండలు అలాంటివి కాబట్టి ఆ మాట చాలాసార్లు సరిపోతుంది కూడా. చిక్కల్లా అది సరిపోని ఒక్కసారితోనే.

ఇక ఒక వందేళ్ల వెనక్కి వెళదాం. అప్పుడు మనం మద్రాసు రాజధానిలో ఉన్నాం. మన జిల్లాలో ఎవరికైనా పెద్ద జబ్బు చేస్తే, దూరమైనా ఖర్చయినా చివరి దిక్కు మద్రాసు ఆసుపత్రులే. ఆ మద్రాసులో ముత్తులక్ష్మీ రెడ్డి అనే డాక్టరమ్మ ఉండేవారు. 1886లో పుదుక్కోటలో పుట్టి, 1912లో వైద్య పట్టా పుచ్చుకున్నారు. ఆడపిల్ల గడప దాటడమే గగనమైన కాలంలో ఆమె డాక్టరయ్యారు. తరువాత మద్రాసు శాసనమండలిలో అడుగుపెట్టి 1927లో ఉపాధ్యక్షురాలయ్యారు. దేవదాసీ ఆచారాన్ని మాన్పించడానికి పోరాడిన మనిషిగా ఆమె పేరు మీరు వినే ఉంటారు.

ఆమెకు సుందరాంబాళ్ అని ఒక చెల్లెలు. ఆ పిల్లకు చిన్న వయసులోనే రక్త విరేచనాలు పట్టుకున్నాయి. వైద్యులు జిగట విరేచనాలనుకుని దానికే మందులిచ్చారు. అసలు జబ్బు మలాశయానికి వచ్చిన క్యాన్సర్ అని తేలేసరికి చేయి దాటిపోయింది. 1923లో ఆమె చనిపోయింది. సాక్షాత్తూ అక్క డాక్టరు, ఉన్నది రాజధాని నగరంలో. అయినా జబ్బుకు దాని పేరు సకాలంలో దొరకలేదు. ఇక మన మడకశిర, రాయదుర్గం పల్లెల్లో ఇదే జబ్బుతో ఎందరు పోయారో! ‘రక్తబంక’ అనో ‘మూలశంక’ అనో అనుకుని ఉంటారు. రాచపుండు అనే మాట ఉండేది గాని, అది పైకి కనిపించే పుండుకే. కడుపులోపలి దానికి పేరే లేదు.

అలాగని అప్పటికి వైద్యమే లేదనుకోకండి. 1908 నాటికే లండన్‌లో ఎర్నెస్ట్ మైల్స్ అనే శస్త్రవైద్యుడు మలాశయ క్యాన్సర్‌ను కోసి తీసేసే పద్ధతిని ప్రకటించాడు. అదే నగరంలో కత్‌బర్ట్ డ్యూక్స్ అనే వైద్యుడు కోసి తీసిన పేగులను ఏళ్ల తరబడి పరిశీలించి, 1932లో ఒక మెట్ల లెక్క చెప్పాడు. గడ్డ పేగు గోడలోనే ఉంటే ఒక మెట్టు, గోడ దాటితే రెండో మెట్టు, పక్కనున్న లింఫు గ్రంథులకు పాకితే మూడో మెట్టు. మెట్టు పెరిగేకొద్దీ మనిషి బతికే ఆశ తగ్గుతుంది. ఇప్పుడు డాక్టర్లు ‘ఏ స్టేజి’ అని అడిగే ప్రశ్నకు ఒక పెద్ద మూలం ఆ లెక్కే. కాబట్టి, ఎవరు కోశారన్న దానికంటే ఎప్పుడు కనుక్కున్నారన్నదే ముఖ్యమని అప్పుడే తేలిపోయింది.

చెల్లెలి చావు ముత్తులక్ష్మిగారిని వదల్లేదు. 1925లో పై చదువుకు లండన్ వెళ్లినప్పుడు అక్కడి క్యాన్సర్ ఆసుపత్రిని చూశారు. అలాంటిది మన దేశంలోనూ కావాలన్న పట్టుదలతో తిరిగి వచ్చారు. క్యాన్సర్ వస్తే ఎలాగూ పోతారు, ఇక ఆసుపత్రి దండగ అన్న అభిప్రాయం ఆ రోజుల్లో పై స్థాయిలోనూ ఉండేది. ఆమె మహిళా సంఘం తరఫున నిధి పోగుచేశారు. 1952 అక్టోబరులో నెహ్రూగారు అడయారులో శంకుస్థాపన చేశారు. 1954 జూన్‌లో పన్నెండు పడకలతో క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. ఆమె కుమారుడు డాక్టర్ కృష్ణమూర్తి, మరుసటి ఏడు చేరిన డాక్టర్ వి. శాంత దాన్ని పెంచి పెద్ద చేశారు. విచిత్రమేమిటంటే, ఆ తలుపులు తెరుచుకునేసరికి మనం మద్రాసు రాష్ట్రంలో లేము. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. రాష్ట్రం వేరైతేనేం, రోగానికి సరిహద్దులు లేవు గదా.

ఇంతవరకు చెప్పింది జబ్బు వచ్చాక వైద్యం. రాకముందే పట్టుకోవడం ఇంకో కథ. దాని మొదలు ఒక చెట్టు బంకలో ఉందంటే మీకు నవ్వొస్తుంది. గ్వాయకం అనే చెట్టు బంక రక్తం తగిలితే, తగిన మందు కలిపినప్పుడు, నీలం రంగుకు తిరుగుతుందని 1864లోనే హాలండ్ దేశపు శాస్త్రజ్ఞుడు వాన్ డీన్ చూపించాడు. వందేళ్లు గడిచాక, 1967లో, గ్రీగర్ అనే అమెరికా డాక్టరు ఆ బంక పూసిన అట్టముక్కలను పైకి ఏ జబ్బూ లేనివాళ్లకు ఇచ్చి ఇంటి దగ్గరే మల పరీక్ష చేసుకొమ్మన్నాడు. కంటికి కనబడని రక్తం కూడా ఆ అట్టముక్క మీద బయటపడింది. 1969లో న్యూయార్కులో వుల్ఫ్, షిన్యా అనే ఇద్దరు వైద్యులు సన్నని గొట్టాన్ని పెద్దపేగులోకి పంపి, లోపల మొలిచిన బుడిపెను తీగ ఉచ్చుతో కత్తిరించి బయటికి తీశారు. పొట్ట కోయనక్కర లేకుండానే!

ఆ బుడిపెల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. పెద్దపేగు లోపలి పొర మీద వయసు పెరిగేకొద్దీ చిన్న చిన్న బుడిపెలు లేవవచ్చు. వీటినే పాలిప్ అంటారు. చాలావాటి వల్ల ఏ హానీ లేదు. కొన్ని మాత్రం మెల్లమెల్లగా క్యాన్సర్‌గా మారతాయి. అందుకు సాధారణంగా పదేళ్ల దాకా పడుతుంది. అంటే చెరువు కట్టలో ఊట పుట్టాక మట్టి పోయడానికి మనకు ఏళ్ల వ్యవధి ఉందన్నమాట! ఇంత గడువు ఇచ్చే క్యాన్సర్లు ఎక్కువ లేవు. బుడిపెను తీసేస్తే ఆ క్యాన్సర్ రానే రాదు.

1993లో అమెరికాలోని మిన్నెసోటా నుంచి ఒక పెద్ద అధ్యయనం ఫలితం వచ్చింది. 46,551 మందిని పదమూడేళ్లు గమనించారు. ఏటా మల పరీక్ష చేయించుకున్నవాళ్లలో ఈ జబ్బుతో మరణాలు మూడో వంతు తగ్గాయి. ఒక అట్టముక్క అంత పని చేసింది.

మీలో పెద్దవాళ్లకు 1985 జులై నాటి పత్రికలు గుర్తుండవచ్చు. అమెరికా అధ్యక్షుడు రీగన్‌కు పెద్దపేగులో ఉన్న గడ్డకు ఆపరేషను చేసి రెండడుగుల పేగు తీశారు. అది క్యాన్సరే. అప్పటికి ఆయనకు డెబ్బై నాలుగేళ్లు. పరీక్షల్లో పట్టుబడి సకాలంలో తీసేశారు కాబట్టి ఇంకో పందొమ్మిదేళ్లు బతికి, 2004లో వేరే జబ్బుతో పోయారు. అదే 1985లో మన రాష్ట్రంలో ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావుగారి సతీమణి బసవతారకమ్మగారు ఇంకోరకం క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆ ఏడాదే ఆయన మన హిందూపురం నుంచి శాసనసభకు ఎన్నికయ్యారు. ఆమె పేరు మీద హైదరాబాదులో క్యాన్సర్ ఆసుపత్రి 2000లో తెరుచుకుంది. చూడండి, అడయారు ఆసుపత్రి వెనక ఒక చెల్లెలు, హైదరాబాదు ఆసుపత్రి వెనక ఒక ఇల్లాలు. మన ఆసుపత్రుల పునాదుల కింద కూడా ముసలమ్మలు ఉన్నారు.

మన జిల్లాలో వసతులు నెమ్మదిగా పెరిగాయి. 1973లో బెంగుళూరులో కిద్వాయ్ క్యాన్సర్ ఆసుపత్రి వచ్చాక మనవాళ్లకు మద్రాసు, వేలూరులకంటే దగ్గర దారి దొరికింది. 1991లో పుట్టపర్తిలో పెద్దాసుపత్రి, 2000లో బత్తలపల్లిలో ఆర్డీటీ ఆసుపత్రి, అదే ఏడు అనంతపురంలో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చాయి. 2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ పథకం మొదలైనప్పుడు తొలి మూడు జిల్లాల్లో మనది ఒకటి. తక్కినవి మహబూబ్‌నగర్, శ్రీకాకుళం. ఆ పథకంతో పేదింటివాళ్లకు కూడా క్యాన్సర్ ఆపరేషను అందుబాటులోకి వచ్చింది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, సుందరాంబాళ్ కాలంతో పోలిస్తే ఇది స్వర్గం.

అయితే ఇన్ని ఉన్నా ఆసుపత్రి గడప దాకా నడవవలసింది మనమే గదా. ఇక్కడ నా సంగతి కొంచెం చెప్పకపోతే మీకు చెప్పే అర్హత నాకు ఉండదు.

2013లో నాకు యాభై ఒక్క ఏళ్లు. ఉగాది వెళ్లిన కొన్నాళ్లకు రక్తం కనిపించింది. ఉడుకు అనుకున్నాను. మజ్జిగ తాగాను, సబ్జాలు నానబెట్టి తిన్నాను, బార్లీ నీళ్లు కాచుకున్నాను. రెండు రోజులు తగ్గేది, మళ్లీ వచ్చేది. ఒక డాక్టరు దగ్గరికి వెళ్లి ‘మొలలు అనుకుంటానండీ’ అని నేనే పేరు పెట్టి చెప్పాను. ఆయన పరీక్ష చేయకుండా మొలల మందు రాశారు. ఆయన్ని ఒక్కణ్ణే అనలేను, నేను చెప్పిందీ సగమే. మావారికి కూడా చెప్పలేదు. దీపావళి నాటికి మెట్లెక్కితే ఆయాసం, నడిస్తే కాళ్లు తేలిపోవడం. రక్త పరీక్షలో హిమోగ్లోబిన్ 7 ఉంది.

అప్పుడు చూసిన లేడీ డాక్టరు ఒకే మాట అడిగారు.

‘‘రక్తం ఎన్నాళ్ల నుంచి పోతోందమ్మా?’’

‘‘ఏడు నెలలుగా మేడమ్.’’

‘‘పట్టుచీరకు మసి అంటితే ఏడు నిమిషాలు ఊరుకుంటారా మీరు?’’

ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. ఆవిడ చేతికి తొడుగు వేసుకుని వేలితో లోపల పరీక్ష చేశారు. అర నిమిషం కూడా పట్టలేదు. గడ్డ తగిలింది. ఏడు నెలలు నేను దాచిపెట్టిన దాన్ని ఒక వేలు అర నిమిషంలో కనుక్కుంది! వారం తిరక్కుండా బెంగుళూరులో చేరాను. ఆపరేషను, రేడియేషను, ఆ పైన కొన్ని నెలలు మందుల సీసాలు. కొన్నాళ్లు పొట్టమీద సంచి కూడా పెట్టారు. మొదటి రోజు దాన్ని చూసి నా బతుకు ఇంతేనా అని ఏడ్చాను. నెల తిరిగేసరికి ఆ సంచితోనే వంట చేశాను, గుడికి వెళ్లాను, పెళ్లిపందిట్లో కూర్చున్నాను. కొందరికి అది జన్మంతా ఉంటుంది. వాళ్లూ హాయిగానే బతుకుతున్నారు. నాకు తరువాత తీసేశారు. పదేళ్లు దాటిపోయింది. మనవరాలి అక్షరాభ్యాసం చూశాను.

నాకు గడ్డ ఇంకా లింఫు గ్రంథులకు పాకలేదు. అది నా తెలివి కాదు, అదృష్టం. మనం అదృష్టాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

ఆ డాక్టరమ్మే నన్ను ఇంకో మాట అడిగారు. ‘‘మీకు అక్కచెల్లెళ్లు ఉన్నారా?’’ ధర్మవరంలో నా చెల్లెలు ఉంది. దానికి అప్పుడు నలభై ఏడు. ‘‘నాకేం రోగమక్కా, రాయిలా ఉన్నాను’’ అని మొండికేసింది. బతిమాలి, తిట్టి, చివరికి నా మీద ఒట్టు పెట్టించుకుని తీసుకెళ్లాను. కొలొనోస్కోపీ చేస్తే రెండు బుడిపెలు కనిపించాయి. అక్కడికక్కడే కత్తిరించి తీసేశారు. క్యాన్సర్ కాలేదు. ఆ సాయంత్రమే ఇంటికొచ్చి ఇడ్లీ తింది. ముత్తులక్ష్మిగారు ఎంత పెద్ద డాక్టరైనా ఆమె చెల్లెలికి దక్కని గడువు, ఏ చదువూ లేని నాలాంటి అక్క చెల్లెలికి దక్కింది. వందేళ్ల వైద్య చరిత్ర మనకిచ్చినది ఆ గడువే.

కాబట్టి కాగితం, పెన్సిలు ఉంటే నాలుగు ముక్కలు రాసుకోండి.

రక్తం పడితే అది మొలలే కావచ్చు. చాలామందికి మొలలే. అయితే ఆ మాట చెప్పవలసింది పరీక్ష చేసిన డాక్టరు, మనం కాదు. మూడు నాలుగు వారాలకు పైగా విరేచనం అలవాటు మారినా, సన్నగా వస్తున్నా, వెళ్లివచ్చాక కూడా ఇంకా ఉన్నట్టే అనిపించినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా చూపించుకోండి. రక్తహీనతను ‘ఆడవాళ్లకు మామూలే’ అని కొట్టిపారేయకండి. ముఖ్యంగా ముట్లుడిగిన తరువాత రక్తం తగ్గుతుంటే, అది ఎక్కడికి పోతోందో వెతకాలి. పేగుకు కుడివైపు వచ్చే గడ్డ చాలాసార్లు కంటికి రక్తమే చూపించదు, నీరసంగానే బయటపడుతుంది.

ఏ బాధా లేకపోయినా నలభై అయిదు, యాభై ఏళ్లు దాటితే డాక్టరును మల పరీక్ష గురించి అడగండి. ఇప్పుడు వచ్చిన ‘ఫిట్’ అనే పరీక్షకు పథ్యం కూడా అక్కర లేదు, ఏడాదికోసారి చాలు. అందులో రక్తం ఉందని తేలితే కొలొనోస్కోపీ చేయించుకోవాలి. మొదటే కొలొనోస్కోపీ చేయించుకుని అంతా బాగుంటే, మామూలుగా మళ్లీ పదేళ్ల దాకా పనిలేదు. ముందురోజు పేగు శుభ్రపడే మందు తాగడమే అందులో కష్టం. మత్తు ఇస్తారు కాబట్టి పరీక్ష సంగతి మనకు తెలియనే తెలియదు.

తల్లిదండ్రులకో, తోబుట్టువులకో ఈ జబ్బు వచ్చి ఉంటే నలభైకే చేయించుకోవాలి. లేదా వాళ్లకు జబ్బు తేలిన వయసుకు పదేళ్ల ముందు. రెంటిలో ఏది ముందైతే అది. సర్కారు తరఫున ముప్పై దాటినవాళ్లకు నోటికి, రొమ్ముకు, గర్భాశయ ముఖద్వారానికి క్యాన్సర్ పరీక్షలు చేస్తున్నారు. అవి తప్పక చేయించుకోండి. పెద్దపేగు ఆ జాబితాలో లేదు. దీనికి ఎవరూ మన ఇంటి తలుపు తట్టరు, మనమే నోరు తెరిచి అడగాలి.

తిండి సంగతీ ఒక్క మాట. పీచు ఉన్న మన రాగిసంగటి, జొన్నరొట్టె, కొర్రలు, ఆకుకూరలు పేగుకు మేలు చేస్తాయి. పొగాకు, మద్యం, ఊబకాయం కీడు చేస్తాయి. అయితే సంగటి తిన్నాం గదా, మనకు రాదులే అనుకోకండి. నేను సంగటి తిని పెరిగినదాన్నే.

అమెరికా లెక్కల ప్రకారం, పేగు దాటకముందే జబ్బు పట్టుబడినవాళ్లలో నూటికి దాదాపు తొంభై మంది అయిదేళ్లు దాటి బతుకుతున్నారు. దూరపు అవయవాలకు పాకాక అది పదిహేను ప్రాంతానికి పడిపోతుంది. తొంభైకీ పదిహేనుకూ మధ్య తేడా ఎక్కువగా మనం ‘తరువాత చూద్దాంలే’ అన్న నెలల్లోనే ఉంది.

ముసలమ్మ త్యాగానికి చేతులెత్తి మొక్కుదాం. కాని ఇంకో ముసలమ్మ అవసరం మన ఇళ్లల్లో రాకూడదు. ఈ సాయంత్రం దీపం పెట్టాక మీ అక్కకో, వదినకో, అత్తగారికో ఫోను చేసి ‘ఒంట్లో ఎలా ఉంది’ అని అడగండి. ‘బాగానే ఉంది’ అని ఊరికే అంటే వదలకండి, ఇంకోసారి అడగండి.

సెలవు.